ఎదురుకాళ్ల దుర్గాంబ

దుర్గాంబ ఎదురుకాళ్లతో పుట్టింది. అలా కాళ్లు ముందుగా పుట్టినవాళ్ల కాలు తగిలితే పట్టేసిన నడుం వదులుతుందని నమ్మకం. అందుకే భవానీపురంలో వాళ్ల వీధిలో ఎవరికి నడుం పట్టేసినా ఆమె దగ్గరకే వస్తారు. వాళ్లు బోర్లా పడుకుంటే కుడికాలిని నడుముకి మెల్లగా తాకిస్తుంది.

అందరి నడుములూ సరిచేసే ఆ కాలే ఆమెను నమ్మించి పడేసేది. ఎప్పుడో ఆటో దిగుతుంటే చీలమండ మడతపడింది. వాపు తగ్గింది గానీ, ఆ తర్వాత చదును నేల మీద కూడా మడతపడుతూనే ఉంది. చివరికి ఆ కాలి మీద బరువు వెయ్యడమే మానేసింది.

“అదేనండీ తప్పు,” అంది గవర్నర్‌పేటలో ఫిజియోథెరపీ చేసే జ్ఞానేశ్వరి. “లిగమెంట్లు సాగిపోయాయి. పాదం ఎలా పడుతోందో కాలికే తెలియట్లేదు. దాచిపెడితే ఎలా నేర్చుకుంటుంది? రోజూ గోడ పట్టుకుని ఆ ఒంటికాలి మీద నిలబడండి.”

దుర్గాంబ విసుక్కుంటూనే నిలబడింది. కొన్ని నెలలకు పడటం తగ్గింది.

మొన్న ఎదురింటి శేషగిరిరావు నడుం పట్టేసి వచ్చి పడుకున్నాడు. దుర్గాంబ ఎడమకాలు ఎత్తింది. ఆయన తల తిప్పి చూసి కంగారుపడ్డాడు.

“పిన్నిగారూ, ఎప్పుడూ కుడికాలేగా?”

“రెండూ కలిసే పుట్టాయి కదయ్యా! కుడిదానికి ఇప్పుడు నన్ను మోసే పనుంది,” అంది దుర్గాంబ, గోడ పట్టుకోకుండానే.