సముద్రాన్ని గుచ్చి చూసిన నసీమా

అది 2010, తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న కాలం. కేసముద్రంలో ఓ సర్కారు బడిలో జీవశాస్త్రం చెబుతున్నాను. రోజు విడిచి రోజు బంద్, లేదంటే రైల్‌రోకో. ఆ రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లల్ని బాపట్ల దగ్గరి సముద్రతీరానికి ఫీల్డ్ ట్రిప్ తీసుకెళ్తానంటే హెడ్మాస్టరు నన్ను ఎగాదిగా చూశారు.

"గిప్పుడు ఆంధ్రకు పోతరా మేడం? సరే, పోన్రి. ఉత్తచేతులతోటి వస్తే మాత్రం ఇగ ట్రిప్పులు బంద్" అన్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

ఇసుక తవ్వడానికి ఇంటి నుంచి ఏదో ఒకటి తెమ్మన్నాను. అందరూ గరిటెలు, కొడవళ్లు తెస్తే నసీమా మాత్రం మొన తేలిన ఇనుప గొట్టం తెచ్చింది. వాళ్ల నాన్న యాకూబ్ మార్కెట్ యార్డులో ధాన్యం నాణ్యత చూసేవాడు. ఆ గొట్టం బస్తాలో గుచ్చి లాగితే లోపలి గింజలు బయటికొస్తాయి. మమ్మల్ని రైలెక్కించడానికి వచ్చిన ఆయన నాతో, "జర పైలం మేడం. ఎల్లుండి యార్డు తెరుస్తరు" అన్నాడు. ఆ జాగ్రత్త కూతురి గురించో గొట్టం గురించో నేను అడగలేదు.

అక్కడ స్థానిక పాఠశాల పిల్లలూ మాతో కలిశారు. శిబిరం నడిపే లెక్చరరు పని అప్పజెప్పారు. ఇంటర్‌టైడల్ జోన్, అంటే పోటుకు మునిగి ఆటుకు తేలే ఒడ్డు. అందులో బతికే ప్రాణుల్ని వెతికి, సాయంత్రం అందరి ముందూ వివరించాలి. మా వైపు నుంచి చెప్పాల్సింది నసీమా.

ఒడ్డుకు దిగీదిగగానే పీతను చూసి, "అగో, ఎండ్రికాయ ఉరుకుతాంది" అంది నసీమా. అటువైపు పిల్లలు పకపకా నవ్వారు. ఒకడు ఆ మాటనే సాగదీసి వెక్కిరించాడు.

"నేను మాట్లాడ మేడం. ఇంకెవలన్న చెప్తరు" అంది నసీమా. తరగతిలో నోరు మూయమన్నా మూయని పిల్ల.

దానికి తోడు ఇంకో దెబ్బ తగిలింది. ప్రాణుల్ని లెక్కపెట్టడానికి నేల మీద పరిచే చదరపు చట్రాన్ని క్వాడ్రాట్ అంటారు. దాన్ని మా పిల్లలు నీళ్ల అంచునే పెట్టి, తవ్వే సామానంతా పక్కనే ఉంచి అన్నాలకు వచ్చారు. చెరువు గట్టున పెట్టింది పెట్టినచోటే ఉంటుంది కదా. తిరిగొచ్చేసరికి పోటు వచ్చి అన్నిటినీ ఊడ్చుకుపోయింది. నసీమా సంచిలోని గొట్టం ఒక్కటే మిగిలింది.

సాయంత్రం నీళ్లు తగ్గగానే నసీమా సంచిలోంచి గొట్టం తీసింది. నీళ్ల అంచున ఒకటి, నడుమ ఒకటి, పైన పొడి ఇసుకలో ఒకటి గుచ్చింది. రెండోసారి గుచ్చిన ఇసుకలో ఎర్రటి పురుగు మెలికలు తిరుగుతూ వచ్చింది. ఆ తర్వాత గోరంత ఆల్చిప్ప, ప్రాణంతో. పిల్లలు చుట్టూ మూగారు. చీకటి పడకముందే మా పళ్లెం నిండింది. అటువైపు వాళ్ల దగ్గర ఉన్నవన్నీ ఖాళీ గవ్వలే.

"మీరే చెప్పాలె మేడం" అన్నారు మావాళ్లు నాతో. నేను నసీమా వైపు చూశాను. ఆమె గొట్టం పట్టుకుని లేచింది.

"బస్తా మీద మంచి గింజ పోసి, అడుగున తడి గింజ పెడ్తరు. అందుకే మా అబ్బ మూడు జాగల గుచ్చి చూస్తడు. గీ ఇసుకను గూడ గట్లనే చూసినం. పైపైన ఏం లేదు. లోపల మాత్రం ఊరంత ఉన్నది."

ఎవరూ నవ్వలేదు. లెక్చరరు లేచి చప్పట్లు కొట్టారు. "దీన్నే మేము కోర్ శాంప్లింగ్ అంటామండీ. ఇసుకను పొరలతో సహా పైకి తీసి చూడటం. ఈ రోజుకి మీ పిల్లలదే మొదటి స్థానం" అన్నారు.

వెక్కిరించిన పిల్లాడే దగ్గరికొచ్చి, "నేనూ ఒకసారి గుచ్చి చూడనా?" అని అడిగాడు.

"ఇస్త గని, మెల్లగ. మా అబ్బది" అంది నసీమా.

ప్రాణుల్ని తడి ఇసుకలో వదిలేసి రైలెక్కాం. ఆ తర్వాత నేను ఏ పరికరం గురించి పాఠం చెప్పినా, ముందు "ఇలాంటిది మీ ఇంట్లో ఏముంది?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. ట్రిప్పులు ఆపమని హెడ్మాస్టరు మళ్లీ అనలేదు.

కేసముద్రంలో దిగేసరికి యాకూబ్ ప్లాట్‌ఫాం మీద ఉన్నాడు. గొట్టం అందుకుని వాసన చూశాడు. "ఏంది బిడ్డా, ఉప్పు వాసన?"

నసీమా అక్కడే మొదలుపెట్టింది. పీత, పోటు, పురుగు, చప్పట్లు. ఆయన గొట్టం చంకలో పెట్టుకుని వింటూనే ఉన్నాడు. యార్డుకు ఆలస్యమవుతోందని నేనే గుర్తు చేశాను.

"ఆగున్రి మేడం, బిడ్డ చెప్తాంది గద" అన్నాడు.