కాలు తగిలిన కత్తి

వేసవి సెలవులకు గుంటూరు నుంచి వచ్చిన మా మనవరాలు బస్సు దిగీ దిగగానే కత్తి చేయడం నేర్పమంది. మూడో తరగతి పిల్ల. వాళ్ళమ్మకు చెప్పకుండా ఎలా అని ఫోన్ చేశాను. నా కూతురు బ్రాడీపేటలో ఒక ఆసుపత్రిలో నర్సు. కాలిన చేతులకు కట్లు కట్టే మనిషి.

"నీ ఇష్టం నాన్నా. దాని వేళ్ళు మాత్రం పదీ ఉండాలి" అని పెట్టేసింది.

అంతే, నాకు స్థిమితం పోయింది. మీసాలు రాకముందు నుంచీ కొలిమి దగ్గరే బతికాను. పత్తి కట్టె నరికే కత్తులు ఎన్ని చేశానో లెక్క లేదు. అలాంటివాణ్ణి, కొలిమి వెలిగించకముందే నాలుగుసార్లు లేచి కూర్చున్నాను.

నైలాన్ గౌను విప్పించి నూలు చొక్కా తొడిగించాను. జడ పైకి కట్టించాను. కాళ్ళకు స్కూలు బూట్లు. నా వెల్డింగ్ కళ్ళద్దాలు జారిపోతుంటే తాడుతో బిగించాను.

"ఎర్రగా ఉన్న ఇనుముతో భయం లేదే. కాలుద్దని కనపడతానే ఉంటది. నల్లబడిందే దొంగది. దాన్ని ముట్టుకునే ముందు ఏం చెయ్యాల?"

"నీళ్ళు చల్లాల."

"చుయ్ మంటే?"

"చెయ్యి ఎనక్కి. ఎన్నిసార్లు అడుగుతావు తాతయ్యా, విసుగొస్తంది."

లారీ కమాను పట్టీ ముక్క కాల్చి, పటకారుతో నేను పట్టుకుంటే చిన్న సుత్తితో అది కొట్టింది. నా చూపు ఇనుము మీద లేదు, దాని వేళ్ళ మీదే ఉంది. కత్తి మొన వంకర పోయింది. పార సాగదీయించుకుందామని వచ్చిన రైతును రేపు రమ్మని కసిరి పంపాను. పాపం, ఎండన పడి వచ్చాడు.

ఆకురాయితో రాయాలంటే ఇనుము మెల్లగా చల్లారాలి. కత్తిని కొలిమి పక్కన బూడిదలో పెట్టాను. నల్లబడింది. సుత్తి పని అయిపోయింది, హమ్మయ్య అనుకున్నాను. మనవరాలు నీళ్ళ చెంబు కోసం తిరిగింది. బూటు కత్తికి తగిలింది.

మా ఇంట్లో పనిముట్టుకు కాలు తగిలితే వెంటనే తాకి కళ్ళకద్దుకోవాలి. మాటలు రాకముందే దానికి ఆ అలవాటు చేసింది నేనే. పొద్దుటి నుంచి వల్లె వేయించిందంతా ఏమైపోయిందో, చటుక్కున వంగి చెయ్యి చాపింది.

ఆ చెయ్యి మీద ఒక్కటిచ్చాను. పిల్ల వెనక్కి కూలబడింది. దాన్ని నేనెప్పుడూ కొట్టి ఎరగను.

"దణ్ణం పెట్టకపోతే కత్తికి కోపం వస్తదన్నావుగా" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

"వేడి మీద దణ్ణాలు లేవమ్మా. చల్లారినాకనే" అన్నాను.

ఇద్దరం గోడకానుకుని కూర్చున్నాం. దాని వేళ్ళు పట్టుకుని తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా కాలలేదు. చాలాసేపటికి అది లేచి కత్తి మీద నీళ్ళు చల్లింది, చెవి వంచి వింది. మళ్ళీ చల్లింది. అప్పుడు తాకి కళ్ళకద్దుకుంది.

వచ్చి నా పక్కన కూర్చుని, నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది.

"కొట్టింది నువ్వయితే, నీ చెయ్యి వణుకుతదేంది తాతయ్యా?"