దానం పట్టిన బూట్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చదువుకి ఉన్న నియమాలకన్నా చెప్పులకి ఉన్న నియమాలే ఎక్కువ. చెప్పులు గడప దాటి లోపలికి రాకూడదు. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. బోర్లా పడితే ఇంట్లో గొడవలొస్తాయి. మేముండేది ఆక్లండ్‌లో, మౌంట్ ఆల్బర్ట్‌లో, గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచిన అద్దె ఇంట్లో. అయినా మా అమ్మ తెనాలి నుంచి ఈ నియమాలన్నిటినీ ఒక్కటి కూడా జారిపోకుండా పట్టుకొచ్చింది. నాన్న ఆసుపత్రిలో డాక్టరు కాబట్టి ఇంట్లో ఆయన మాట చెల్లేది కాదు. అప్పట్లో ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే.

నాకు పదకొండో ఏట ఐస్ స్కేటింగ్ పిచ్చి పట్టింది. స్కూలు వాళ్ళు ఒకసారి రింక్‌కి తీసుకెళ్ళారు, అంతే. ఇప్పటి పిల్లలు టీవీలో చూసే గెంతులూ గిరికీలూ కాదు నన్ను పట్టుకున్నవి. ఆ రోజుల్లో ఫిగర్ స్కేటింగ్ అంటే ముందు గీత గీయడం. ఐస్ మీద ఒక్కొక్కరికి కాస్త చోటిస్తారు. అక్కడ ఒంటికాలి మీద ఎనిమిది అంకె ఆకారంలో జారాలి. బ్లేడు గీసిన గీత మీదే మళ్ళీ తిరగాలి, ఆ పైన ఇంకోసారి. మూడుసార్లు తిరిగినా గీత ఒక్కటే ఉన్నట్టు కనిపించాలి. టెస్టు రోజున పెద్దవాళ్ళు నడుం వంచి, ఒక్కోసారి మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గీతని పరీక్షగా చూస్తారు. తోటి పిల్లలకి అంతకన్నా విసుగు పుట్టించే పని ఉండేది కాదు. నాకు మాత్రం గంటలు తెలిసేవి కావు.

మా స్కేటింగ్ టీచర్‌కి అప్పటికి నలభై నిండలేదు. ఆవిడ నవ్వేది కాదు, అరిచేదీ కాదు. పక్కన ఫ్లాస్కులో టీ పెట్టుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని చూస్తూ ఉండేది. అద్దె బూట్లలో నా చీలమండ పక్కకి ఒరిగిపోయి, ఎనిమిది రావాల్సిన చోట వంకాయ వచ్చేది. వీటితో టెస్టుకి పంపనని చెప్పింది. మరుసటి వారం ఒక జత బూట్లు తెచ్చి నా ముందు పెట్టింది. తెల్లతోలు, పాతబడి నేతి రంగుకి తిరిగింది. ఏళ్ళ తరబడి నూనె రాసి ఉంచినట్టుంది, మెత్తగానే ఉంది.

అవి ఆవిడ స్నేహితురాలివి. ఆ కథ మా టీచర్ నాకు లేసులు కడుతూ, బస్సు టైములు చెప్పినట్టు చెప్పింది. టీచర్ వాళ్ళ నాన్న ఉద్యోగం వల్ల చిన్నప్పుడు కొన్నేళ్ళు అమెరికాలో ఉన్నారట. అక్కడ రింక్‌లో తనకన్నా ఏడాది పెద్దదైన పిల్ల ఒకతె దగ్గరైంది. ఆ పిల్ల కాళ్ళు పెరిగి, ఈ బూట్లు బిగుతై, మా టీచర్‌కిచ్చింది. తరవాత ఆ పిల్ల అమెరికా జట్టులోకి ఎంపికైంది. ప్రపంచ పోటీలకి జట్టంతా ఒకే విమానంలో బయల్దేరింది. ఆ విమానం కూలిపోయింది. ఆడేవాళ్ళు, నేర్పేవాళ్ళు, వెంట వెళ్ళిన అమ్మానాన్నలు, ఎవరూ మిగల్లేదు. ఆ ఏడాది ప్రపంచ పోటీలే జరగలేదు. మిగిలిన చిన్నపిల్లలకి నేర్పడానికి ఆ రింక్‌లో మనిషి లేకుండా పోయాడు. ఇంతవరకూ చెప్పి, లేసు చివర ముడేసి, లేచి తిరుగు అంది. నేను లేచి తిరిగాను. గీత సరిగ్గా ఎనిమిదిలా వచ్చింది. నాకు ఆ సంతోషంలో ఇంకేమీ పట్టలేదు.

ఇంట్లో మాత్రం క్లబ్బు వాళ్ళిచ్చారని చెప్పాను. మా అమ్మ బూట్లని తలుపు అవతల, గరాజ్ అరలో పెట్టించింది. అలా రెండు నెలలు బాగానే గడిచాయి. ఆ మధ్యలోనే ఇండియా నుంచి మా నాయనమ్మ వచ్చింది. తాతయ్య పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. చీర మీద నాన్న స్వెట్టరు, కాళ్ళకి సాక్సు, సాక్సు మీద చెప్పులు వేసుకుని ఆవిడ మా వీధిలో నడుస్తుంటే కుక్కలు కూడా మొరగడం ఆపి చూసేవి.

టెస్టు ఇంకో పది రోజులుందనగా అమ్మ నన్ను తీసుకెళ్ళడానికి రింక్‌కి వచ్చింది. మర్యాదకి టీచర్‌కి థాంక్స్ చెప్పి, ఈ బూట్లు మీ అమ్మాయివా అని అడిగింది. నేను దాచిన సంగతి ఆవిడకేం తెలుసు? ఉన్నదున్నట్టు చెప్పేసింది. అమ్మ నవ్వు మొహంతోనే బస్సు దాకా వచ్చింది. ఇంటికి రాగానే బూట్లని ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, ఆ చలిలో నాకు తలస్నానం చేయించింది.

"చచ్చిపోయిన పిల్ల బూట్లేసుకుని రెండు నెలల్నించీ తిరుగుతున్నావా? శనివారం తీసుకెళ్ళి ఇచ్చెయ్. స్కేటింగ్ లేదు, గీటింగ్ లేదు."

నేను నిరాహారదీక్ష పట్టాను. అంటే రాత్రి అన్నం మానేశాను. పొద్దున టిఫిన్ మానలేదు. నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు. అమ్మ మాత్రం కరగలేదు. అప్పుడు అమ్మని రాక్షసి అనుకున్నాను. నిజానికి ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. నాకన్నా ముందు ఒక ఆడపిల్ల పుట్టి, రెండేళ్ళకే జ్వరంతో పోయింది. ఆ సంగతి ఎవరూ నాకు కూర్చోబెట్టి చెప్పలేదు. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటూ నన్ను చూసి ఆపేసిన మాటల్లోంచి నేనే ఏరుకున్నాను.

శనివారం అమ్మ, నేను మధ్యలో ఏ నాటకమూ ఆడకుండా నాయనమ్మని తోడిచ్చి పంపింది. రింక్‌లో ఆవిడ బల్ల మీద కూర్చుని కాసేపు చూసి, "ఎక్కడికీ వెళ్ళకుండా ఇంత కష్టపడి తిరుగుతారేమే వీళ్ళు?" అంది. టీచర్ రాగానే సంచి చేతికిచ్చి, మా ఇంట్లో ఇలాంటివి వాడరని గొణిగాను. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. సరేనని సంచి తీసుకుంది. కాని వెంటనే వెళ్ళిపోలేదు, దాన్ని పొట్టకి ఆనించుకుని నిలబడిపోయింది. నాయనమ్మ అది చూసింది.

"ఆ పిల్ల పేరేంటో అడుగు," అంది నాతో.

నాకు సిగ్గేసింది. రెండు నెలలు ఆ బూట్లేసుకుని తిరిగినదాన్ని, పేరు అడగాలని ఒక్కసారీ తోచలేదు. అడిగాను. టీచర్ ఐస్ వైపు తిరిగి, పేరు చెప్పింది. నాయనమ్మ ఆ ఇంగ్లీషు పేరు చివర ఒక అచ్చు తగిలించి, మన పేరులా చేసి, రెండుసార్లు అనుకుంది. తరవాత, ఆ పిల్ల పేరు మీద ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని అడగమంది. ఇది ఇంగ్లీషులోకి ఎలా పెట్టాలో నాకు తెలియలేదు. మాలో మనిషి పోతే చెప్పులూ గొడుగూ దానమిస్తారని, పోయేవాళ్ళ దారిలో ముళ్ళూ, కాలే ఇసుకా ఉంటాయట, అందుకని అని, మా తాతయ్యకీ ఇచ్చామని, ముక్కలు ముక్కలుగా చెప్పాను. చెబుతుంటే నాకే వెర్రిమాటల్లా వినిపించాయి. టీచర్‌కి మాత్రం అలా వినిపించినట్టు లేదు. తనని అంత్యక్రియలకి తీసుకెళ్ళలేదట. పిల్లలు చూడకూడదని వాళ్ళ నాన్న అన్నారట. కొన్నాళ్ళకి ఈ దేశం తిరిగొచ్చేశారు. ఇక్కడికొచ్చాక ఆ పేరు తనని ఎవరూ అడగలేదంది. అడగకపోతే చెప్పడానికి సందర్భమేముంటుంది అంది.

నాయనమ్మ లేచింది. ఐస్‌ని నునుపు చేసే బండి గీకి తెచ్చిన మంచుపొడి గేటు పక్కన కుప్పగా ఉంది. అందులోంచి ఒక గుప్పెడు తీసి టీచర్ కుడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. తన చెయ్యి కింద పట్టింది. కాసేపటికి మంచు కరిగి, టీచర్ వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు నాయనమ్మ చేతిలో పడ్డాయి. "మంత్రాలు నాకు రావు. పేరు చెప్పి ఇమ్మను, చాలు." టీచర్ పేరు చెప్పింది, ఈసారి ఇంటిపేరుతో సహా, గట్టిగా. సంచి నాయనమ్మ చేతిలో పెట్టింది. మంచుకి టీచర్ చెయ్యి ఎర్రబడిపోయింది. నాయనమ్మ ఆ చేతిని తన స్వెట్టరుకి తుడిచి, సంచి తీసుకొచ్చి నా ఒళ్ళో పడేసింది. ఇంటికెళ్ళాక నోరెత్తావంటే చంపుతానంది.

సంచి చూడగానే అమ్మ మొహం మాడిపోయింది. దానం పట్టిన వస్తువు తిరిగివ్వకూడదని నాయనమ్మ తేల్చేసింది. పోయినవాళ్ళ దానం పడితే దోషం కదా అత్తయ్యా అని అమ్మ అంది. "పట్టింది నేను. దోషముంటే నాకే. మనవరాలికి నేనిచ్చినవి ఉత్త బూట్లు." ఆ దోషం నాయనమ్మకి తగిలిందో లేదో తెలియదు గాని, ఎనభై తొమ్మిదేళ్ళు బతికింది. నేను పెద్దయ్యాక ఒక పురోహితుడిగారిని అడిగితే, వాడిన చెప్పులు దానానికి పనికిరావనీ, దానికో రోజూ పద్ధతీ ఉంటాయనీ చెప్పారు. నాయనమ్మకి అవి తెలియకపోలేదు. తాతయ్యకి అన్నీ దగ్గరుండి పద్ధతిగా చేయించింది ఆవిడే.

అమ్మ సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది. మావైపు తిరక్కుండానే అడిగింది.

"మన పాపకి ఏమీ ఇవ్వలేదు కదా అత్తయ్యా?"

"అంత చిన్నపిల్లలకి అవేమీ ఉండవమ్మా," అంది నాయనమ్మ. "పేరు తలుచుకోడానికేం, తలుచుకోవచ్చు," అంది.

కుళాయి పారుతూనే ఉంది. ఆ చప్పుడులో అమ్మ ఒక పేరు చెప్పింది. మా అక్క పేరు నేను వినడం అదే మొదలు. పదకొండేళ్ళు అదే ఇంట్లో పెరిగాను, నాకు తెలియదు.

టెస్టు అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. అమ్మ కూడా వచ్చి చూసింది. ఇంకో నాలుగేళ్ళు స్కేటింగ్ చేసి, చదువు వంకతో మానేశాను. నేను అంత ఇష్టపడి నేర్చుకున్న ఎనిమిది అంకెల్ని ఆ తరవాత పెద్ద పోటీల్లోంచి తీసేశారు. చూసేవాళ్ళకి విసుగు పుడుతోందట. కొన్నేళ్ళకి, మంచు మీద సాధన చేస్తూ చేస్తూ, భార్య కళ్ళ ముందే గుండె ఆగి పోయిన కుర్రాడి గురించి పేపర్లో చదివాను. ఈ మధ్యే స్కేటింగ్ పిల్లలున్న విమానం మరొకటి కూలింది. అందరూ ఎంతమంది పోయారని అడుగుతున్నారు. నేను పేర్లు చదివాను. ఒక్కొక్కటీ పైకి చదివాను, కొన్ని ఎలా పలకాలో తెలియకపోయినా. కళ్ళు తుడుచుకోడానికి రెండుసార్లు ఆగాల్సొచ్చింది.

నాయనమ్మ పోయింది. అమ్మా నాన్నా పోయారు. మా టీచరూ పోయింది. ఆ రోజు చెప్పుకున్న రెండు పేర్లూ తెలిసినవాళ్ళు ఈ దేశంలో ఇప్పుడు నేను తప్ప ఇంకెవరూ లేరనుకుంటాను. అందుకే వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు అప్పుడప్పుడు పైకి అంటాను. ముందు ఆ అమ్మాయి పేరు, నాయనమ్మ పలికినట్టే, చివర అచ్చు కలిపి. తరవాత మా అక్కది. రెండేళ్ళ పిల్లని అక్కా అని పిలవడం నాకింకా అలవాటు కాలేదు.