అవతలి ఒడ్డుకు బెండ గింజలు

జోగారావుది కాకినాడ. తండ్రి అక్కడి రేవులో సరుకు మోసే బార్జీ నడిపేవాడు. జోగారావు మాత్రం పాతికేళ్లుగా మేడ్చల్‌లో ఒక విత్తనాల కంపెనీలో ఎగుమతి కాగితాలు చూస్తూ, శామీర్‌పేటలో స్థిరపడ్డాడు.

ఆ జనవరిలో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ వ్యాపారికి ఒక కంటైనర్ నిండా బెండ గింజలు పంపాడు. ఫిబ్రవరి ఆఖరుకల్లా అక్కడి రైతులు విత్తుకోవాలి. మన తీరం నుంచి తిన్నగా వెళ్తే నాలుగు రోజుల ప్రయాణం. కానీ తిన్నగా వెళ్లే ఓడ లేదు. సరుకు ముందు దక్షిణానికి పోయి, వేరే దేశపు రేవులో దిగి, ఇంకో ఓడ ఎక్కి మళ్లీ ఉత్తరానికి రావాలి.

సరుకుకు ఆ రెండో ఓడ అందలేదు. "వచ్చే వారం" అన్నారు ఓడ కంపెనీవాళ్లు. మూడు వారాలూ అదే మాట.

గోదాము చూసే లింగం రోజూ వచ్చి అడిగేవాడు. "సార్, గా ఇనుప డబ్బల ఉక్కకు గింజ ఉడికిపోతది. ఇగ మొలుస్తదా?"

"నన్నడుగుతావేంటి? ఓడ నేను నడుపుతున్నానా?" అని కసిరాడు జోగారావు. ఆ వెంటనే నొచ్చుకున్నాడు.

ఆ వారమే నగరంలో రేవుల వ్యాపారం మీద సభ జరిగింది. వేదిక మీద అందరూ పొరుగు దేశాల స్నేహం గురించి మాట్లాడారు. జోగారావు లేచాడు. "స్నేహం సరేనండీ, తిన్నగా పోయే ఓడొకటి వేయించండి. నా గింజలు దారిలో చచ్చిపోతున్నాయి."

"మంచి సూచన. రాసి పంపండి" అన్నారు అధ్యక్షులు. అప్పటికే రెండుసార్లు రాసి పంపాడు.

సరుకు మార్చి నడిమికి చేరింది. వ్యాపారి తడిగుడ్డలో వేసి చూస్తే నూటికి యాభై ఎనిమిదే మొలిచాయి. రైతులు అప్పటికే వేరే విత్తనం వేసుకున్నారు. వచ్చే ఏడు ఇంకో దేశం నుంచి తెప్పించుకుంటానన్నాడు వ్యాపారి. ఒక్క అవకాశమివ్వమని జోగారావు బతిమాలాడు.

మరుసటి జనవరిలో గింజలను లారీలో బెంగాల్ సరిహద్దు మీదుగా పంపాడు. అదునుకు అందాయి. పచ్చటి మొలకల ఫొటో చూసి లింగం ఎగిరి గంతేశాడు. "మస్తు మొలిచినయ్ సార్! ఇంకేం పరేషాన్?"

"ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని రోడ్డు మీద మోయించామయ్యా. సరిహద్దు దగ్గర డ్రైవరు ఆరు రోజులు వరసలో పడిగాపులు పడ్డాడు" అన్నాడు జోగారావు. ఆ పూట ఆయన ముఖంలో నవ్వు రాలేదు.