వేరుకు దగ్గరి కొమ్మ

మా ఆయన రిటైరయ్యాక క్యాంపస్ క్వార్టర్ ఖాళీ చేసి తార్నాకలో ఫ్లాటుకు మారాల్సి వచ్చింది. పుస్తకాలు ఆయనవి, గులాబీ నాది. పుస్తకాలు ట్రాలీ ఆటో ఎక్కుతాయి. గోడ పక్కన ఏళ్ల తరబడి వేళ్లు దింపుకున్న చెట్టు ఎక్కదు. ఎర్ర గులాబీ. పొద్దున తలుపు తీస్తే చాయ్ కంటే ముందు దాని వాసనే తగిలేది. తాళాలు అప్పగించేలోపు నాలుగు కొమ్మలు కోసి కుండీల్లో బతికించుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఆ పని నేనొక్కదాన్నే చేసుకుని ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు. ఆయన సాయం చేస్తానన్నారు.

ఆయన చరిత్ర ఆచార్యులు. మూలాలంటే ప్రాణం. సర్వీసంతా ప్రతిదానికీ మూలం వెతికారు. క్వార్టర్ పైకప్పు ఎక్కడ కారుతుందో, ఆ మూలం ఒక్కటే దొరకలేదు.

పూసి రాలిన కొమ్మ, పెన్సిలంత లావుది చూసి, కణుపు కింద ఏటవాలుగా కోసి, కలబంద గుజ్జులో ముంచి నాటాలని చెప్పాను. ఆయన చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మొదట్లోంచి నిటారుగా లేచిన పచ్చటి కొమ్మను పట్టుకున్నారు. ఇది అంటు కట్టిన చెట్టనీ, ఆ కొమ్మ అంటుకు కిందనుంచి వచ్చిన అడవి గులాబీదనీ, దానికి ముళ్లే తప్ప పూలుండవనీ చెప్పాను.

"పూసిన కొమ్మ అలిసిపోయి ఉంటది," అన్నారు. "వేరుకు దగ్గరున్నదే అసలుది. గింత లాజిక్ తెల్వదా నీకు?"

క్లాసులో చెప్పే గొంతుతో చెప్తే ఏ మాటైనా నోట్సు రాసుకోవాల్సిన మాటలాగే ఉంటుంది. మీవి మీరు నాటండి, నావి నేను నాటుకుంటానన్నాను.

తార్నాక బాల్కనీలో ఆయన కొమ్మలు వారం తిరక్కుండానే చిగురు పెట్టాయి. నావి చడీచప్పుడు లేకుండా ఉన్నాయి. వెనకబడ్డాయని ఆయనకు జాలి కలిగింది. రోజూ నేను లేవకముందే వాటిని పైకి లాగి, వేళ్లొచ్చాయేమో చూసి, మళ్లీ గుచ్చేవారట. తన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ల చాప్టర్లను ఇదే శ్రద్ధతో చూసి ఉంటే, పాపం వాళ్లు అడిక్‌మెట్ గదులకు అన్నేళ్లు అద్దె కట్టేవారు కాదు. నాకు సంగతి తెలిసేసరికి నా కొమ్మలు నల్లబడ్డాయి.

ఆయనవి మాత్రం బాల్కనీ ఇనప జాలీ ఎక్కి, పై ఫ్లాటు వాళ్లు ఆరేసుకున్న బట్టల్ని అందుకున్నాయి. అపార్ట్‌మెంటంతా కొమ్మలు పంచారు, ఇంటింటికీ ఒక చిన్న ఉపన్యాసంతో సహా. రెండు వానాకాలాలు పోయాయి. ఎవరింట్లోనూ ఒక్క మొగ్గ లేదు. కింది ఫ్లాటు ఆమె లిఫ్టులో నన్ను పట్టుకుంది.

"మేడం, సార్ ఇచ్చిన గులాబీ ఎప్పుడు పూస్తది? మావోడి అంగీలే చినుగుతున్నయ్."

ఉపన్యాసం ఇచ్చినవారినే అడగమన్నాను.

అడిగినట్టే ఉంది. ఒక ఆదివారం సాయంత్రం ఆయన కత్తెర జేబులో వేసుకుని, పాత క్వార్టర్‌లో ఒక పూల కొమ్మ అడిగి తెద్దామని నాకు చెప్పకుండా క్యాంపస్‌కు వెళ్లారు. ఖాళీ చేతులతో తిరిగొచ్చి, కుర్చీలో కూర్చుని, జేబులో కత్తెర తీసి బల్ల మీద పెట్టారు.

"చెట్టున్నకాడ బండలు పరిచిండ్రు," అన్నారు. "కారు పెట్టుకుంటున్నరు."

నేను బాల్కనీ తలుపు వేశాను.

"ఏమన్నా అను. గట్ల ఊకుండకు."

"అన్నం పెట్టమంటరా?" అన్నాను.