మొదటి తన్ను ఎవరిది?

మా డ్రిల్లు మాస్టారు పోయారు. కబురు తెచ్చింది మా పాత విద్యార్థి గోలీ తల్లి. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, లోపలికి రాకుండానే, "టీచరుగారండీ, మాస్టారు పోయేరండి" అంది. బూట్ల లేసులు కట్టుకుంటూ కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయారట. ఒక బూటుకి ముడి పడింది, రెండోదానికి పడలేదు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, సొంత ఇంట్లో, సొంత కుర్చీలో, చల్లటి పూట. సహజ మరణం అంటే ఇదీ. ఆ మాటని ముందుగా సరైన చోట వాడి పెడుతున్నాను, ఎందుకంటే దాన్ని కాని చోట వాడినవాళ్ళ గురించి కూడా ఇక్కడ చెప్పాలి. పోయిన మనిషిని తలుచుకోమంటే తిట్లు రాసిందేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోండి. ఆయన చివరి ఏళ్ళు దేనిమీద కోపంతో బతికారో చెప్పకుండా వట్టి మంచివారని రాస్తే, ఫోటోకి దండ వేసి మొహం గోడవైపు తిప్పినట్టు ఉంటుంది.

ముమ్మిడివరం దగ్గర ఒకే హైస్కూల్లో ఇరవై ఏళ్ళ పైచిలుకు కలిసి పనిచేశాం. నాది ఇంగ్లీషు, ఆయనది ఈల. ఊరంతా క్రికెట్టని ఊగుతుంటే ఈయన ఒక్కరే ఫుట్‌బాల్ అని పట్టుకు కూర్చున్నారు. మా గ్రౌండుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు. కొంచెం గట్టిగా తన్నితే బంతి చెరువులో పడేది, చెరువు ఆసామి కర్రుచ్చుకుని గట్టెక్కేవాడు. మాస్టారు చేతులు కట్టుకుని వెళ్ళి, "తమరి రొయ్యలకేమీ దెబ్బ తగల్లేదు కదండీ?" అని పరామర్శించి బంతి తెచ్చుకునేవారు. దాంతో మా జట్టుకి బంతిని నేలమీదనుంచి లేవనివ్వకుండా ఆడడం అబ్బింది. జిల్లా పోటీల్లో అందరూ అదేదో గొప్ప విద్య అనుకున్నారు. కారణం రొయ్యలని మాకు తెలుసు.

ఆయన దగ్గర ఒక ఆచారం ఉండేది. ఏ మ్యాచయినా సరే, ఈల ఊదే ముందు, "మొదటి తన్ను ఎవరిది?" అని అడిగేవారు. పిల్లలంతా ఒక్క గొంతుతో, "నేల చదును చేసినోళ్ళదండీ!" అనాలి. ఆ తరవాత నిజంగానే గ్రౌండు బాగుచేసినవాళ్ళు వచ్చి బంతిని ఒక్క తన్ను తన్ని పక్కకి తప్పుకుంటే గాని ఆట మొదలయ్యేది కాదు. జిల్లా అధికారి వచ్చినా అంతే. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవారు, బంతి మాత్రం ఇచ్చేవారు కాదు.

మా గ్రౌండులో గడ్డి కోసేది గోలీ తల్లి. గోలీ అంటే మా జట్టు గోల్‌కీపరు. పొడుగు చేతులు, తక్కువ మాటలు. వాళ్ళకో గేదె ఉండేది. గడ్డి గేదెకి, చదునైన నేల మాకు. మ్యాచి రోజున ఆవిడ కొడవలి బొడ్లో దోపుకుని, చీర కొంచెం ఎత్తిపట్టి, నవ్వాపుకుంటూ వచ్చి తన్నేది. ఒకసారి ఆ తన్ను సూటిగా వెళ్ళి గోల్లో పడింది. పట్టుకోవాల్సినవాడు సొంత కొడుకు, వదిలేశాడు. "ఏరా, ఆపలేదేం?" అని మాస్టారంటే, "మా అమ్మ తన్నితే ఎదురు చెయ్యి పెడతానేంటండీ" అన్నాడు.

గోల్ పడ్డప్పుడల్లా పిల్లలు గోలీని తిట్టేవారు. మాస్టారు ఊరుకునేవారు కాదు. "వాడినేమీ అనకండ్రా. పదిమందీ వదిలేస్తేనే బంతి వాడిదాకా వస్తుంది" అనేవారు. అప్పుడది ఆటకి సంబంధించిన మాట అనుకున్నాను.

గోలీ గల్ఫుకి వెళ్ళాడు. మా కోనసీమలో అది వింత కాదు. సగం డాబాలు అక్కడి చెమటతో లేచినవే, నేనెవర్నీ తప్పు పట్టను. సెంట్రింగు పని నేర్చుకుని ఎడారి దేశంలో ఒక స్టేడియం కట్టడానికి చేరాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫుట్‌బాల్ పోటీ అక్కడ జరగబోతోందని మాస్టారికి ఫోను చేసి చెప్పాడు. ఆ రోజు మాస్టారు ఊరంతా తిరిగి, "మావాడు కడతన్నాడండి, మన గోలీ!" అని చెప్పుకున్నారు. తరవాత తరవాత ఫోన్లలో సంతోషం తగ్గింది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను.

"ఇక్కడ గడ్డి బావుందండి మాస్టారూ. దానికి రోజంతా నీళ్ళు పెడతారండి. మా సీసాలో నీళ్ళు మాత్రం పదింటికే కాగిపోతన్నాయండి. అమ్మకి చెప్పండి, ఇక్కడ గడ్డి కొయ్యడానికి మెషినుందని."

"నీడపట్టున కూచోనిస్తన్నారా?"

"కూచోవచ్చంటారండి. కూచుంటే మేస్త్రీ పేరు రాసుకుంటాడండి."

రెండో వేసవిలో గోలీ పెట్టెలో వచ్చాడు. మధ్యాహ్నం పని చేసి, గదికి వచ్చి, పడుకుని, లేవలేదు. కూడా వచ్చిన కాగితంలో మరణానికి కారణం అన్నచోట 'సహజం' అని ఉంది. చదివి అర్థం చెప్పింది నేనే. ఆ తల్లి ఏడవలేదు. నన్నే చూస్తూ అడిగింది: "ఇరవై తొమ్మిదేళ్ళోడికి సహజమేంటండీ?"

మాకు వడదెబ్బ అంటే ఏమిటో తెలుసు. ఇక్కడ కుప్పనూర్పిళ్ళలో ఎవరైనా పడిపోతే చిన్నపిల్ల కూడా 'వడదెబ్బ' అంటుంది, ఉల్లిపాయ కోసం పరిగెడుతుంది. అంత పెద్ద దేశంలో, అన్ని ఆసుపత్రుల్లో, ఆ ఒక్క మాట రాయడం ఎవరికీ చేతకాలేదు. చేతకాక కాదు. రాస్తే, ఎండలో పని ఎవరు చేయించారని అడుగుతారు కదా.

ఆవిడ మాస్టారిని కోరింది ఒక్కటే. "అబద్ధం ఉంచకండి మాస్టారుగారూ. ఆ కాగితం మార్పించండి. మావాడు ఎండకి పోయేడు." మాస్టారు సరేనన్నారు. కంపెనీకి రాస్తే జవాబు లేదు. అప్పుడు, పోటీని ఆ దేశానికి ఇచ్చిన పెద్దమనుషులనే అడుగుదామన్నారు. "ఆట వాళ్ళదండీ. ఎవరి నేలమీద ఆడాలో వాళ్ళే చెప్పేరు. ఆ నేల ఎవరు చదును చేసేరో కూడా వాళ్ళే చెప్పాలి" అన్నారు. ఉత్తరం ఇంగ్లీషులో రాయాల్సింది నేను.

ఇక్కడే నా ఘనకార్యం ఉంది. మేం గోదావరి వాళ్ళం. ఇంట్లో దొంగ పడ్డా "ఎవరండీ అది?" అంటాం. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఉత్తరాలు రాయడం నేర్పిన దాన్ని. క్షేమసమాచారాలతో మొదలుపెట్టాను. మీరు తలపెట్టిన మహోత్సవం దిగ్విజయం కావాలని ఒక పేరా. మీ అమూల్యమైన కాలాన్ని హరిస్తున్నందుకు మన్నింపు కోరుతూ ఒక పేరా. గోలీ నాలుగో పేరాలో చచ్చిపోయాడు. అక్కడ కూడా 'దురదృష్టవశాత్తు' అని తగిలించాను. మాస్టారికి తెలుగులో చెబితే, "కోపం కనిపిస్తోందాండీ?" అని అడిగారు. "పెద్దవాళ్ళకి ఇలాగే రాయాలి, మీకు తెలీదు" అన్నాను.

మూడు నెలలకి జవాబు వచ్చింది. దళసరి కాగితం. 'మీ శుభాకాంక్షలకు ధన్యవాదాలు. మీవంటి అభిమానులే ఈ ఆటకు ప్రాణం.' అడుగున పోటీ గుర్తుగా రంగుల బొమ్మ ఒకటి, ఎక్కడైనా అతికించుకోవడానికి.

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "మన ఉత్తరాన్ని శుభలేఖ అనుకున్నట్టున్నారండి" అన్నారు. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు హాయిగా ఉండేది.

పోటీ రానే వచ్చింది. మా సెంటర్లో కుర్రాళ్ళు పెద్ద తెర కట్టారు. అందులో ముఖ్యుడు మా మనవడే, ఇంజనీరింగు చదువుతున్నాడు. ఈల ఊది ప్రారంభించమని మాస్టారిని పిలిచారు. ఆయన వచ్చి, మైకు దగ్గర నిలబడి, "మొదటి తన్ను ఎవరిది?" అని అడిగారు. కుర్రాళ్ళు తెరమీది దేశాల పేర్లు అరిచారు. ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. మాస్టారు ఈల బల్లమీద పెట్టేసి ఇంటికి నడిచి వెళ్ళిపోయారు.

ఆయనకి ఫుట్‌బాల్ చూడకపోవడం అంటే నాకు కాఫీ లేకపోవడం వంటిది. ఆ నెలంతా సాయంత్రాలు మా ఇంటికి వచ్చి, టీవీకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చునేవారు. మనవడు చూస్తుంటే ఈయన వినేవారు. జనం అరుపు విని, "అది ఆఫ్‌సైడు" అనేవారు. నిజంగానే రిఫరీ చెయ్యెత్తేవాడు.

"తాతగారూ, ఆట వేరు, రాజకీయం వేరండీ" అన్నాడు మనవడు.

"అవును బాబూ. గోలీ కూడా ఆటగాడే, రాజకీయ నాయకుడు కాదు."

"మన దేశంలో కట్టేచోట చావట్లేదాండీ జనం? వాళ్ళనే అంటారేంటి?"

"చస్తన్నారు. మనోళ్ళనీ అడగాలి. రెండు ఫౌల్సు జరిగితే ఒకదానికొకటి చెల్లైపోవు బాబూ. రెండుసార్లు ఈలెయ్యాలి."

మనవడు టీవీ ఆపలేదు గాని, శబ్దం తగ్గించాడు. మాస్టారు, "పెంచు బాబూ, వినపడట్లేదు" అన్నారు.

నా సంగతి నేను చెబుతాను. మాస్టారంత సౌమ్యురాలిని కాను. మా ఇళ్ళలో పెళ్ళికి విడిది చూడ్డానికి వెళ్తే ఇద్దరు ముసలమ్మలు ముందు వెళ్ళి నూతిలో నీళ్ళు తాగి చూస్తారు, దొడ్డిదారిన వెళ్ళి అంట్లు తోమే మనిషిని ఆరా తీస్తారు. మూడు రోజుల పెళ్ళికి అంత చూస్తాం. ప్రపంచమంతటికీ విడిది చూసే ఆ కోటు బాబులు హోటళ్ళు చూశారు, విమానాశ్రయం చూశారు, అత్తరు వాసన చూశారు. దొడ్డిదారిన మాత్రం వెళ్ళలేదు. అడిగితే, ఆట వెళ్ళినచోటల్లా మంచి మార్పు వస్తుంది అంటారు. మారేదాకా ఎంతమంది గోలీలు కావాలో కూడా చెబితే మేం ఇక్కడ లెక్కగా కని పెడతాం.

మళ్ళీ ఒక పోటీ. మళ్ళీ ఒక ఎడారి దేశం. మేం జరుపుతామని ఇంకో దేశమే అడగలేదట, ఓట్లు కూడా అక్కర్లేక చప్పట్లు కొట్టి ఇచ్చేశారట. మాస్టారు పేపరు పట్టుకుని చెప్పులు విప్పకుండానే మా వరండాలోకి వచ్చారు. "టీచరుగారండీ, ఇంకో ఉత్తరం. ఈసారి మూడే వాక్యాలు. నేను చెప్తాను, మీరు మార్చకండి."

ఆ మూడూ ఇవి. మా ఊరి గోల్‌కీపరు మీ స్టేడియం కడుతూ ఎండకి చనిపోయాడు. కాగితంలో సహజ మరణం అని రాశారు. అది సరిచేయించకుండా మీరు ఇంకో స్టేడియం కట్టించకూడదు.

"చివరి వాక్యంలో దయచేసి అని ఒక్కటి…" అన్నాను.

"వద్దండి."

రాస్తానన్నాను. కంటి ఆపరేషను అయ్యాక అన్నాను. వానలు తగ్గాక అన్నాను. అసలు కారణం, అంత మొరటు ఉత్తరం కింద నా చేతిరాత ఉండడం నాకు ఇష్టం లేదు. ఆయన వారం వారం వచ్చి, "అయిందాండీ?" అని ఒక్కసారే అడిగి, కాఫీ తాగి వెళ్ళేవారు. పదిమందీ వదిలేస్తేనే బంతి గోలీదాకా వస్తుంది. ఏజెంటు వదిలాడు, కంపెనీ వదిలింది, డాక్టరు వదిలాడు, కోటు బాబులు వదిలారు. లెక్కపెట్టుకుంటూ పోతే ఆ వరసలో ఒక రిటైర్డు ఇంగ్లీషు టీచరు కూడా నిలబడి ఉంది, చాలా మర్యాదగా.

సంతాపసభలో పెద్దలు మాట్లాడారు. క్రీడాభిమాని అన్నారు, అజాతశత్రువు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయనకి శత్రువులున్నారు. వాళ్ళు చాలా దూరంలో ఉంటారు, వాళ్ళకి ఈయన సంగతి తెలియదు, అంతే.

పదో రోజు పొద్దున్న ఉత్తరం రాశాను. మూడే వాక్యాలు. అడుగున గోలీ తల్లి సంతకం పెట్టింది. "మాస్టారు సెప్పినట్టే ఉందాండీ?" అని అడిగింది. "అక్షరం మార్చలేదు" అన్నాను. మనవడు ముమ్మిడివరం వెళ్ళి రిజిస్టరు చేసి వచ్చాడు.

సాయంత్రం పాత విద్యార్థులు మాస్టారి పేరున మ్యాచి పెట్టారు. కొడుకు పోయాక ఆవిడ ఆ గ్రౌండులో అడుగు పెట్టలేదు, గేదెని కూడా అమ్మేసింది. ఆ రోజు నేను వెళ్ళేసరికి గడ్డంతా కోసి ఉంది. మోపు కట్టి గోల్ మధ్యలో, గోలీ నిలబడే చోట పెట్టి ఉంది. తినడానికి గేదె లేదు.

మా మనవడు మధ్య గీత మీద బంతి పెట్టాడు. పొట్టలొచ్చిన పాత ఆటగాళ్ళు అటు పదకొండు మంది, ఇటు పదిమంది నిలబడ్డారు. గోల్లోకి ఎవరూ వెళ్ళలేదు. "మొదటి తన్ను ఎవరిది?" అని ఎవరూ అడగలేదు, అడిగే మనిషి లేడు. అయినా అందరూ, బట్టతలలతో సహా, చిన్నప్పటిలాగే ఒక్క గొంతుతో జవాబు చెప్పారు.

ఆవిడ వచ్చింది. కొడవలి బొడ్లో ఉంది. బంతిమీద పాదం పెట్టింది, తన్నలేదు. ఎదురుగా గోల్లో ఉన్న మోపుని చూస్తూ అలాగే ఉండిపోయింది. ఎవరూ తొందర పెట్టలేదు. రొయ్యల చెరువు ఆసామి కూడా గట్టుమీద నిలబడి చూస్తున్నాడు.