మా అమ్మ గలిజేరు, పెద్దమ్మ గలిజేరు

నేను చదివింది కెమిస్ట్రీ. ఆకుకూరల్లో గోంగూర తప్ప దేన్నీ గుర్తుపట్టలేను. అలాంటిదాన్ని, పీహెచ్‌డీ పేరుతో పంజాగుట్టలో ఒక ల్యాబ్‌లో చేరి, ఔషధ మొక్కల సారం తీసి చర్మ క్యాన్సర్ కణాల మీద వేస్తూ కూర్చున్నా. చివర్లో ఒక పసుపు రంగు మందు కలుపుతాం. కణాలు బతికుంటే అది ఊదాగా మారుతుంది, చస్తే మారదు.

మొదటి గలిజేరు కట్ట అమీర్‌పేటలో మా హాస్టల్ దగ్గర, మెట్రో పిల్లర్ కింద ఆకుకూరలమ్మే పెద్దమ్మ ఇచ్చింది. దాని సారం వేస్తే ఊదా జాడే లేదు! పక్క ప్లేటులో మామూలు చర్మ కణాలు నిక్షేపంగా ఉన్నాయి. ఆ రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు.

రెండోసారికి పెద్దమ్మ లేదు, ఊళ్లో పెళ్లికి పోయిందట. మా అమ్మకు ఫోన్ చేస్తే గుంటూరు నుంచి బస్సులో సంచెడు గలిజేరు పంపింది. వేశా. ప్లేటంతా ఊదా. మళ్లీ వేశా, మళ్లీ ఊదా. కణాలు పాడయ్యాయని, మందు పాతదని ల్యాబ్‌లో అందరి మీదా ఎగిరిపడ్డా. మా గైడ్ మేడమ్ మాత్రం, "నెలాఖరు పీహెచ్‌డీ కమిటీలోపు ఆ మొదటి ఫలితం మళ్లీ రాకపోతే ఈ మొక్క వదిలేసి కొత్తది మొదలుపెట్టు" అన్నారు. రెండేళ్ల పని! బాత్రూంలో దూరి ఏడ్చా.

పెద్దమ్మ తిరిగి రాగానే అమ్మ పంపిన కొమ్మ చూపించా.

"గిదేంది బిడ్డా? గిది గలిజేరు గాదు. ఎవలిచ్చిన్రు?"

"మా అమ్మే."

"మీ అమ్మకు ఎర్కలే."

నాకు ఒళ్లు మండి అక్కడే అమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టా. "గలిజేరు తెలీనిదాన్నా నేను? నలభై ఏళ్లుగా పప్పులో వేస్తున్నా!" అంది అమ్మ. "నేను సుత వండుతున్న, అమ్మా. మీది దళసరి ఆకు, మాది సన్నాకు" అంది పెద్దమ్మ. ఆటోవాళ్లు నవ్వుతూ నిలబడ్డారు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండూ గలిజేరే, పేరొక్కటే, మొక్కలు వేరు.

తప్పు వాళ్లిద్దరిదీ కాదు. వాడే ప్రతి మొక్కదీ, అది ఏ మొక్కో తర్వాత తేల్చుకునేందుకు, పువ్వుతో సహా ఒక కొమ్మ కాగితాల మధ్య నొక్కి దాచాలని మేడమ్ మొదటి రోజే చెప్పారు. గలిజేరేగా, దీనికి కూడానా అనుకుని ఎగ్గొట్టా. మేడమ్ దగ్గరికెళ్లి చెప్పేశా. తిడతారనుకున్నా. "పెద్దమ్మ కట్ట తీసుకురా. ఈసారి కొమ్మ నొక్కు" అన్నారంతే.

కమిటీకి రెండ్రోజుల ముందు ప్లేటు తీశా. ఊదా లేదు. ఇంకో మూడు ప్లేట్లు తీశా, లేదు! హమ్మయ్య.

సాయంత్రం పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తా. "గట్లైతే క్యాన్సర్ పోతదా?" అంది.

"ప్లేట్లో పోతోంది పెద్దమ్మా. మనుషుల్లో ఏమవుతుందో ఇంకా తెలీదు."

"ఐతే ఇంక మస్తు పనుంది నీకు" అని ఇంకో కట్ట నా సంచిలో కుక్కింది.

అమ్మకు భయపడుతూనే ఫోన్ చేశా. వంటింట్లో ఓడిపోవడం ఆవిడ చరిత్రలో లేదు. అంతా వింది.

"ఆవిణ్ణి అడిగి నాకూ ఓ కట్ట పంపు" అంది. "వేళ్లతో సహా. పెరట్లో నాటుకుంటా."